కచ్చా కుట్టు వేసిన వీలునామా

దర్జీలందరూ ‘రేపు రండి’ అంటారు. నేను తిరిగిన ఊళ్ళన్నిటిలోనూ అదే మాట. మా మాస్టారు మాత్రం ఎన్నడూ ఆ మాట అనడు. ‘ఎల్లుండి రండి’ అంటాడు. అబద్ధమాడటం ఆయనకి గిట్టదు. ఆడక తప్పనప్పుడు దాన్ని కాస్త దూరంగా పెట్టి ఆడతాడు. అందుకే వీధి వీధంతా ఆయన్ని ఎల్లుండి మాస్టారంటుంది. పెళ్ళికని గుడ్డ ఇచ్చినవాళ్ళు మొదటి పిల్లాడి పుట్టినరోజుకి ఆ సూటు తొడుక్కుని ఫోటో దిగిన సందర్భాలున్నాయి. అలాంటి మనిషి అరవై ఎనిమిదో ఏట, ఒంట్లో ఏ జబ్బూ లేకుండా, ఎవరూ అడక్కుండా, వీలునామా రాయిస్తానంటే నేను నవ్వేసి ఊరుకున్నాను.

నాది కాలు నిలవని బతుకు. ఏడాదికో రెండేళ్ళకో ఈ ఊరొస్తే మాస్టారి కొట్లో దిగుతాను. చిరిగినవి ఆయన కుడతాడు, చూసినవి నేను చెబుతాను. ఎవరి పని వాళ్ళది. ఈసారి గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, నోట్లోంచి గుండుసూదులు తియ్యకుండానే పలకరించాడు.

“ఏమయ్యా దిమ్మరీ, సమయానికొచ్చావు. నాకో సాక్షి కావాలి.”

“ఏం నేరం చేశావు?”

“ఇంకా చెయ్యలేదు. వీలునామా రాయిస్తున్నా.”

సంగతేమిటంటే, ఆ మధ్య ఒక పెద్దమనిషి గళ్ళ గుడ్డ తెచ్చి సూటు కుట్టమన్నాడట. కోటు, లోపలి చేతుల్లేని కోటు, ప్యాంటు, మూడూనూ. గళ్ళ గుడ్డ కుట్టడమంటే మాటలు కాదు. కుట్టు దగ్గర గడికి గడి కలవాలి, లేకపోతే మనిషి వంకరగా నిలబడ్డట్టుంటాడు. మాస్టారు పదకొండు రోజులు కూర్చుని భుజం నించి పాదం దాకా గడి తప్పకుండా కలిపాడు. ఈలోగా, ఎల్లుండి రాకముందే, ఆ పెద్దమనిషి పోయాడు. కాగితం ముక్క రాయకుండా పోయాడు. ముగ్గురు కొడుకులూ వచ్చి, ఇంట్లో గరిటెల దాకా పంచుకున్నవాళ్ళు ఇదెందుకు వదలాలని, సూటు కూడా పంచుకున్నారు. కోటు పెద్దవాడు, ప్యాంటు రెండోవాడు, చేతుల్లేనిది మూడోవాడు.

“మనిషి పోయినందుకు బాధపడ్డాను, కాదన్ను. కానీ ఆ గళ్ళు మూడిళ్ళకి పోతుంటే మాత్రం నాకు నిజంగా ఏడుపొచ్చిందయ్యా” అన్నాడు మాస్టారు. “నా ఇంట్లో అలా జరక్కూడదు. నా చేత్తో నేనే కత్తిరించి, ఎవరిది వాళ్ళకి పెట్టి పోతా.”

కత్తిరించడానికి ఆయనకున్నది పెద్ద తానేం కాదు. ఒక చిన్న మేడ. కింద వీధి వైపు కొట్టు, దాని వెనక ఒక గది. పైన వీధి వైపు మాస్టారి గది, దానికి నిలువెత్తు కిటికీ. పైనే వెనక వైపు రెండు గదుల్లో కొడుకూ కోడలూ. ఊరి చివర కొంచెం ఖాళీ స్థలం. భార్య పోయి ఆరేళ్ళయింది. కూతురు ఆసుపత్రిలో నర్సు, రెండు బస్టాపుల అవతల ఉంటుంది. ఇక కొట్టు వెనక గదిలో ఉండేది మాస్టారి అక్క.

ఆవిడకి డెబ్భై నాలుగు. వీధికి కాజాలక్క. ఒకప్పుడు నూలుమిల్లు హాస్టల్లో ఉండి తన బతుకు తాను బతికే మనిషి. మాస్టారి భార్యకి తొలికాన్పప్పుడు సాయానికని పది రోజులు సెలవు పెట్టి, ఒక చేతిసంచీతో వచ్చింది. తొమ్మిదో రోజున మిల్లు మూతపడింది. ఆ కాన్పులో పుట్టినవాడికి ఇప్పుడు నలభై మూడేళ్ళు, ముందు జుట్టు పోయింది. ఆవిడ సెలవు ఇంకా నడుస్తూనే ఉంది.

ఊరికే కూర్చోలేక మొదట్లో సూది పట్టింది. అప్పట్నించీ మాస్టారి చొక్కాలకీ కోట్లకీ కాజాలన్నీ ఆవిడవే. మిషను కాజా పది ఉతుకులకి పీచు లేస్తుంది. ఆవిడ చేతి కాజా చొక్కా చిరిగి గుడ్డపేలికైన తర్వాత కూడా చెక్కుచెదరదు. ‘ఎల్లుండి మాస్టారి చొక్కా’ అని జనం కళ్ళకద్దుకునేది నిజానికి ఆ కాజాల్నే. అయినా గది ఆవిడదని ఎవరూ అనరు. ‘అక్క ఉండే గది’ అంటారు. లైనింగు తానులు, దారపు ఉండలు, పెద్ద ఇస్త్రీ పెట్టె, కోట్లు తొడిగి చూసే చెయ్యి విరిగిన బొమ్మ, అన్నీ అక్కడే. వాటి మధ్య ఒక మంచం. మాస్టారు పోయిన మర్నాడు ఆ మంచం ఎక్కడుంటుంది? నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క ప్రశ్న గురించే. మాస్టారికి మాత్రం ఆ ప్రశ్న కల్లో కూడా తట్టలేదు.

లాయరమ్మ ఆఫీసు ఒక జిరాక్సు కొట్టు మీద. మెట్లెక్కుతుంటే కింది మిషన్ల వేడి మనతోపాటే ఎక్కుతుంది. గోడ పొడుగునా తాళ్ళు బిగించిన ఫైళ్ళు, వాటిలో ఎన్ని కుటుంబాలు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పడుకున్నాయో. మమ్మల్ని చూడగానే ఆవిడ లేచింది.

“నా కోటు తెచ్చారా మాస్టారూ?”

“కోటు సంగతి కాదమ్మా. నేను పోయే సంగతి మాట్లాడదామని.”

“అదేదో నా కోటు ఇచ్చాక పెట్టుకోండి. రెండు నెలలైంది, పాతది మోచేతుల దగ్గర జల్లెడైంది.”

జనం లాయరు దగ్గరికి దస్తావేజులు పట్టుకెళతారు. మాస్టారు వాటితోపాటు తన కొలతల పుస్తకం కూడా పట్టుకొచ్చాడు. అట్ట ఊడి, గుడ్డముక్కలు అతికించి ఉబ్బిపోయిన పుస్తకం. మనిషికో పేజీ. బల్ల మీద పరిచి, వేలు తడి చేసుకుని తిప్పుతూ మొదలెట్టాడు.

“ఇది మా వాడు. ఛాతీ నలభై, భుజం పదిహేడున్నర. వీడికి బిగుతు కావాలి. ఎంత బిగించినా ఇంకొంచెం అంటాడు. కొట్టూ మేడా వీడికి, లేకపోతే ఊపిరాడదు. ఇది మా అమ్మాయి. లూజు ఉండాలి, జేబులుండాలి, ఎవరి మాటా వినదు. ఊరి చివర స్థలం దీనికి. వాళ్ళమ్మ నగలూ దీనికే.”

లాయరమ్మ నవ్వాపుకుంటూ రాసుకుంది. తర్వాత పుస్తకం తన వైపు తిప్పుకుని మొదట్నించీ చివరిదాకా ఒకసారి తిరగేసింది.

“మీ అక్కగారి పేజీ ఏదీ?”

మాస్టారు పుస్తకం లాక్కుని తనూ తిరగేశాడు. ఊళ్ళో సగం మంది నడుములు అందులో ఉన్నాయి. చచ్చిపోయినవాళ్ళవి ఉన్నాయి. నాది ఉంది, ‘ఒకచోట నిలబడడు’ అని పక్కన రాసి మరీ. ఆవిడది లేదు.

“అక్కకి కొలతలెందుకమ్మా? ఆవిడ బట్టలు ఆవిడే కుట్టుకుంటుంది.”

“సరే. వీలునామాలో ఆవిడకేం రాయమంటారు?”

“రాయడానికేముంది? అక్క ఉంటుంది.”

“ఎక్కడ?”

“ఎక్కడేమిటి, ఇంట్లో.”

“ఇల్లు అబ్బాయికి రాస్తున్నారుగా.”

“మేనత్తని ఇంట్లో ఉండనివ్వడా వాడు?”

“ఉండనివ్వచ్చు, ఉండనివ్వకపోవచ్చు. నేను చదివిన చట్టంలో ‘అక్క ఉంటుంది’ అనే సెక్షను లేదు మాస్టారూ.”

ఆయనకి రోషమొచ్చింది. చెవి మీది సుద్దముక్క తీసి మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు. “అలా రాస్తే నా పిల్లల్ని నేనే దొంగలన్నట్టు. వాళ్ళేమనుకుంటారు?”

“గుండీ కుట్టేటప్పుడు దారం ఎన్ని చుట్లు తిప్పుతారు?”

“నాలుగు.”

“ఎందుకు? తొడుక్కునేవాడి మీద అనుమానమా?”

లాయర్లతో వచ్చిన చిక్కే ఇది. మన పనిముట్టుతోనే మనల్ని పొడుస్తారు. మాస్టారు కాసేపు కిటికీలోంచి చూశాడు. ఓడిపోతున్నప్పుడు ఆయన తన విద్యలోకి పారిపోతాడు. ఈసారీ అంతే.

“ఒక పని చేద్దామమ్మా. ముందు కచ్చా కుట్టు వెయ్యండి. ట్రయల్ చూద్దాం.”

“దేనికి?”

“వీలునామాకి. నేను నలభై అయిదేళ్ళుగా కుడుతున్నా. కొలత ఎంత సరిగ్గా తీసినా, కచ్చా కుట్టు వేసి ఒకసారి ఒంటి మీద తొడిగి చూస్తే గానీ ఎక్కడ పడుతుందో ఎక్కడ లాగుతుందో తెలీదు. పిల్లల్ని కూచోబెట్టి చదివి వినిపిస్తా. ఎక్కడ బిగుతవుతుందో వాళ్ళే చెబుతారు.”

“వీలునామాకి ట్రయల్ ఉండదు మాస్టారూ. అది తొడుక్కునే రోజుకి కుట్టినవాడు ఉండడు.”

“అందుకేగా ఇప్పుడే చూద్దామంటున్నా!”

ఆవిడ చాలాసేపు వారించింది. బతికుండగా విప్పిన వీలునామా తినేవేళకి ముందే విప్పిన చద్దిమూటలాంటిదనీ, చుట్టూ ఈగలు ముసురుతాయనీ చెప్పింది. దున్నపోతు మీద వాన. చివరికి ముసాయిదా అచ్చువేసి, “సంతకం మాత్రం పెట్టకండి” అని చేతిలో పెట్టింది. అందులో అక్క మాట లేదు.

దారిలో నేనూ నాకు తెలిసింది చెప్పాను. ఒక రేవులో ఒక పడవవాడుండేవాడు. ముగ్గురు కొడుకులకీ అన్యాయం జరక్కూడదని పడవ ముందు భాగం ఒకడికి, వెనక భాగం ఒకడికి, మధ్య భాగం మూడోవాడికి రాసిపోయాడు. నేను చూసేసరికి పడవ ఒడ్డున బోర్లాపడి ఉంది, ముగ్గురూ ఎవరి వాటా మీద వాళ్ళు కూర్చుని గాలం వేస్తున్నారు. మాస్టారు విని, “మధ్యవాడికి నష్టం, తెడ్డు వెయ్యడానికి వీలుండదు” అన్నాడు. నీతి కథలు చెప్పేవాళ్ళు శ్రోత దర్జీ అయితే జాగ్రత్తగా ఉండాలి.

ఆదివారం పొద్దున కొట్టు షట్టరు సగం దించి ట్రయల్ పెట్టాడు. కొడుకు ఇస్త్రీ బల్ల మీద కూర్చున్నాడు. కూతురు డ్యూటీ దిగి అటునించటే వచ్చింది, ఇంకా నర్సు చెప్పులతోనే ఉంది. కోడలు మెట్ల మీద సగం దూరం దిగి ఆగింది, విన్నట్టూ కాదు, విననట్టూ కాదు. అక్క వెనక గదిలో మంచం మీద కాజాలు కుడుతోంది. కొట్లోంచి చూస్తే కనిపిస్తూనే ఉంది. చదివే పని నాకు పడింది.

“నేను పోయాననుకోండి” అన్నాడు మాస్టారు మూలన స్టూలు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని.

“అవేం మాటలు నాన్నా పొద్దున్నే!”

“కాసేపు అనుకోరా, నీ సొమ్మేం పోయింది? నువ్వు చదువయ్యా.”

చదివాను. సర్వే నంబరు దగ్గర నేను తడబడితే మూలనించి దిద్దాడు. రెండోసారి దిద్దినప్పుడు కూతురు కసిరింది.

“పోయినవాడివి మాట్లాడకు నాన్నా. ట్రయల్ అన్నాక ట్రయలే.”

అయిపోయింది. కొడుకు గొంతు సవరించుకున్నాడు.

“నాకేం అభ్యంతరం లేదు. వెనక గది కూడా కొట్టు కిందికే వస్తుందా?”

“వస్తుందనే రాశారు” అన్నాను.

“అయితే మధ్య గోడ తీసెయ్యచ్చు. రెండు ట్రయల్ రూములొస్తాయి, నిలువుటద్దాలతో. ఇప్పుడు జనం కుట్టించుకోవట్లేదు, వేసుకు చూసి కొంటున్నారు.” మాటలో మాటగా వెళ్ళి, పోయినవాడి మెడలోంచి టేపు తీసుకుని వెనక గదిలోకి నడిచాడు. గోడ నించి గోడకి పరిచాడు. టేపు మంచం దగ్గర అడ్డం తగిలింది.

“కాళ్ళొక్కసారి పైకి పెట్టుకో అత్తా, ఒక్క నిమిషం.”

ఆవిడ కాళ్ళు పైకి పెట్టుకుంది. సూది ఆగలేదు.

“తొమ్మిదడుగుల నాలుగంగుళాలు!” అని లోపల్నించి కేక.

వాడు చెడ్డవాడని నేననను. అత్తకి జ్వరమొస్తే కొట్టు మూసి కూర్చునే మనిషి. కానీ కొలిచేటప్పుడు మనిషికి అంగుళాలే కనిపిస్తాయి. తండ్రి నేర్పిన విద్యేగా.

“మరి అత్త ఎక్కడ పడుకుంటుందిరా అన్నయ్యా?” అంది కూతురు.

“అత్తకేమే! నెత్తిన పెట్టుకు చూసుకుంటా.”

“నెత్తి సరే. మంచం ఎక్కడ వేస్తావు?”

“మెట్ల కింద బోలెడు చోటుంది.”

“మెట్ల కిందా! చీపురుకట్టలతోనా? అక్కర్లేదు, అత్త నా దగ్గరుంటుంది.”

“నీ దగ్గరెక్కడ? మీ ఆయన చెప్పులు విడవడానికే చోటు లేదు.”

“బాల్కనీకి రేకులు కొట్టిస్తా.”

“వానకి తడిపి చంపుతావా అత్తని? నన్నెత్తుకు పెంచిందే ఆవిడ!”

“నాకు జడలేసి బడికి పంపింది కాదూ!”

ఇద్దరికీ కళ్ళనీళ్ళొచ్చాయి. దొంగ ఏడుపు కాదు, నేను దగ్గర్నించి చూశాను. అత్తని ఎవరెక్కువ ప్రేమిస్తున్నారో తేల్చుకోవడానికి ఒకరు మెట్ల కిందికీ ఒకరు రేకుల కిందికీ లాగుతున్నారు. ప్రేమకి లోటేం లేదు. లోటల్లా మంచం పట్టేంత నేలకే. చివరికి ఇద్దరూ ఆవిడ వైపే తిరిగారు.

“అత్తా, నువ్వే చెప్పు. ఎవరి దగ్గరుంటావు?”

ఆవిడ దారం కొరికి ముడి వేసింది. “కొలవడం అయిపోతే ఈ మంచం వెనక్కి జరపరా, వెలుగు తప్పింది” అంది.

మూలన పోయినవాడు కళ్ళు తెరిచి అప్పటికి చాలాసేపైంది. ఆ రోజంతా ఎవరికీ ఎల్లుండి అనలేదు. గిరాకీలు కంగారుపడ్డారు.

సోమవారం లాయరమ్మ తాళం తీసేసరికి మేం మెట్ల మీద కూర్చునున్నాం.

“రాయండమ్మా. అక్క ఉన్నన్నాళ్ళూ వెనక గది అక్కదే. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, అయినా రాయండి.”

ఆవిడ ఏమీ దెప్పకుండా కాగితం తీసింది. రెండు ముక్కలు రాసి ఆగింది. “ఆవిడ మీకన్నా పెద్దా చిన్నా?”

“ఆరేళ్ళు పెద్ద.”

కలం కింద పెట్టింది. “మాస్టారూ, ఇది వీలునామా. మీరు పోయాకే పనిచేస్తుంది. ఇందులో రాసింది ఆవిడకి అక్కరకి రావాలంటే ఆవిడకన్నా ముందు మీరు పోవాలి. పోతారా?”

“ప్రయత్నిస్తానమ్మా” అన్నాడు ఆ కంగారులో.

“అంత కష్టం వద్దులెండి. బతికుండగానే రాసిద్దాం. ఇల్లు తర్వాత ఎవరికి పోయినా, ఎవరు కొన్నా, ఆ గదిలో ప్రాణమున్నంతకాలం ఉండే హక్కు ఆవిడదని వేరే పత్రం రాసి రిజిస్టరు చేయిద్దాం. వీలునామా అయితే రేపు మీకు కోపమొచ్చి మార్చుకోవచ్చు. ఇది మీ చేతిలోంచి కూడా దాటిపోతుంది. ఆలోచించుకోండి.”

“ఆలోచించడానికేముంది. రాయండి.”

“ముందు ఆవిడని అడగాలి.”

“ఏమని?”

“ఆ గది కావాలా అని.”

“కావాలా ఏమిటమ్మా! ఉంటోందిగా!”

“ఉండటం వేరు, కావాలనుకోవటం వేరు. నేనే వచ్చి అడుగుతా.”

సాయంత్రం ఆవిడ కొట్టుకొచ్చింది. ముందు తన కోటు చూసుకుంది. ఇంకా చేతులు అతకలేదు. ఒక నిట్టూర్పు విడిచి వెనక గదిలోకి వెళ్ళి, లైనింగు తాను మీద కూర్చుని, అక్కకి విషయమంతా విడమరిచి చెప్పింది. అన్నాచెల్లెళ్ళిద్దరూ గుమ్మంలో నిలబడ్డారు. కోడలు ఈసారి మెట్లన్నీ దిగింది. అక్క అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ అంతా విన్నది.

“ఈ గది నాకొద్దమ్మా” అంది.

మాస్టారి కళ్ళు చెమర్చాయి. కూతురు వెళ్ళి ఆవిడ భుజాలు పట్టుకుని “అత్తా!” అంది. “చూశారా మా అత్త ఎలాంటిదో! కాగితాలతో కొలిచే మనిషా!” అన్నాడు కొడుకు, లాయరమ్మని గెలిచినట్టుగా. ఏమీ కోరని మనుషుల గురించి, తిరిగిన దేశాలూ చదివిన పుస్తకాలూ కలిపి నేను కూడా మనసులో ఒక మంచి వాక్యం అల్లుకుంటున్నాను. అందరం కలిసి ఆవిడని దేవతలా ఒక పీఠం మీద నిలబెట్టేశాం. ఆవిడ మా అందరి ముక్కు చీదుళ్ళూ అయ్యేదాకా ఓపిగ్గా ఆగింది.

“అయిందా? అయితే వినండి. ఈ గదిలో గాలాడదు. గోడ చెమ్మ. ఎవడికి దారం కావాలన్నా నా మంచం మీంచే చెయ్యి చాపుతాడు. నలభై మూడేళ్ళున్నాను, చాలు. పైన వీధి వైపు గది రాయించండి. కిటికీ ఉన్నది.”

నా వాక్యం సగంలో తెగిపోయింది.

“అది నా గదక్కా” అన్నాడు మాస్టారు మెల్లిగా.

“తెలుసురా. రోజూ ఊడ్చేది నేనేగా.”

“నీ మోకాళ్ళతో మెట్లెలా ఎక్కుతావత్తా?” అంది కూతురు. నర్సుగా నిజమైన ప్రశ్నే.

“రోజుకి నాలుగుసార్లు మీ నాన్నకి టీ మోసుకెళ్ళేటప్పుడు ఎవరూ అడగలేదే ఈ మోకాళ్ళ సంగతి?”

అడగందే అమ్మైనా పెట్టదని సామెత. నిజమే కానీ, అడిగేదాకా ఆగడం అమ్మకి పనికొస్తుందేమో గానీ తమ్ముడికి పనికిరాదని అక్కడ నిలబడ్డ అందరికీ ఒకేసారి తెలిసింది. తెలిసినప్పుడు మనుషులు ఏం చేస్తారు? నేల చూస్తారు. అందరం చూశాం.

మాస్టారు ఒక్కడే పైకి వెళ్ళాడు. తలుపు చప్పుడు, కిటికీ రెక్క తీసిన చప్పుడు వినిపించాయి. పావుగంట తర్వాత దిగొచ్చాడు.

“నేనెక్కడుండాలక్కా?”

“మెట్ల కింద బోలెడు చోటుందటగా.”

కొడుకు మొహం కందిపోయింది. ఆవిడకి జాలేసినట్టుంది. “వెనక గది ఖాళీ అవుతుందిగా, అందులో ఉండు. కొట్టుకి దగ్గర. నీకు టీ కూడా మెట్లెక్కకుండా వస్తుంది.”

ఆయన అక్క మొహంలోకి చూశాడు. కొట్లో అద్దం ముందు నిలబెట్టిన గిరాకీని చూసినట్టు, తల నించి కాళ్ళదాకా. బహుశా మొదటిసారి.

“రాయండమ్మా” అన్నాడు. “పై గదే రాయండి.”

మర్నాడు రిజిస్ట్రారాఫీసుకి వెళ్ళాం. రెండు పత్రాలూ ఒకేరోజు, అక్క గది పత్రమూ వీలునామానూ. ఇంట్లోవాళ్ళెవరూ సాక్షులుగా ఉండకూడదని లాయరమ్మ పట్టుబట్టింది. ఆస్తిలో ఏమీ రానివాళ్ళే పెట్టాలట సాక్షి సంతకం. ఆ అర్హతలో నన్ను మించినవాడు ఊళ్ళో లేడు. రెండో సాక్షి జిరాక్సు కొట్టతను. గుమాస్తా నన్ను చిరునామా అడిగితే మాస్టారి కొట్టుదే చెప్పాను. “అక్కడ ఉంటారా?” అన్నాడు. “అప్పుడప్పుడు” అన్నాను. ఆ మాట రాసుకోవడానికి గడి లేక వదిలేశాడు.

రిజిస్ట్రారు మాస్టారి వైపు చూసి, నోటికొచ్చిన పాఠంలా అడిగాడు. “ఎవరి బలవంతమూ లేకుండా, మీ ఇష్టపూర్వకంగా రాస్తున్నారా?”

మాస్టారు అక్క వైపు చూశాడు.

“అవును” అంది అక్క.

“ఆయన చెప్పాలమ్మా.”

“చెప్పరా.”

“అవునండి” అన్నాడు.

సంతకం పెట్టేటప్పుడు అక్క కాజా కుట్టినట్టే కుట్టింది. అక్షరం పక్కన అక్షరం, దారం లాగి బిగించి, చివర ఒక చుక్కతో ముడి.

ఆ సాయంత్రమే గదులు మారాయి. కొడుకు తనే మంచం ఎత్తి పైకి మోశాడు, ఎవరూ చెప్పకుండా. ట్రయల్ రూముల ఊసు ఎవరూ ఎత్తలేదు. అక్క సామానంతా రెండు విడతల్లో పైకి చేరింది. మాస్టారిది కిందికి దించడానికి ఏడు విడతలు పట్టింది. మర్నాడు ఆవిడ బజారుకెళ్ళి ఒక గొళ్ళెం కొనుక్కొచ్చి తలుపుకి లోపలివైపు బిగించుకుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక గంట గొళ్ళెం పెట్టుకుంటుంది. లోపల ఏం చేస్తుందో ఎవరికీ తెలీదు. కిటికీ దగ్గర మాత్రం కనిపిస్తుంది, వీధిలో పోయేవాళ్ళని పేరు పెట్టి పిలిచి, గుండీలు ఊడినవాళ్ళని తిడుతూ.

ఒకరోజు మాస్టారు కళ్ళద్దాల కోసం పైకెళ్ళి తలుపు తట్టాడు. దింపిన సామానులో అవొక్కటీ రాలేదట.

“ఎవరదీ?”

“నేనక్కా.”

“ఏం కావాలి?”

“నా కళ్ళద్దాలు.”

“గంటాగి రా.”

ఆయన గంట ఆగాడు. నలభై అయిదేళ్ళలో ఊరందరినీ ఆపినవాడు మెట్ల మీద కూర్చుని ఆగాడు. నేను పక్కన కూర్చుని ఒక ఎడారి ఊళ్ళో తలుపుల గురించి ఏదో చెప్పబోతే, “ఊరుకోవయ్యా” అన్నాడు.

నేను బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం మాస్టారు వెనక గదిలో నడుం వాల్చాడు. అక్క చెప్పింది నిజమే. గాలి లేదు. గోడకి ఆనుకుంటే చొక్కా తడైంది. కొట్లో మిషను తిరిగినప్పుడల్లా మంచం కోళ్ళు వణికాయి. కొడుకు ఏదో కోటుకి నల్లదారం కావాలని వచ్చాడు, తండ్రి పొట్ట మీంచి చెయ్యి చాపి ఉండ తీసుకున్నాడు. కాసేపటికి లైనింగు కోసం మళ్ళీ వచ్చాడు. మూడోసారి కత్తెర కోసం వచ్చి మాస్టారి పాదాలు దాటబోయేసరికి ఆయన లేచి కూర్చున్నాడు.

“ఒరేయ్, మనిషి పడుకున్నప్పుడు తలుపు కొట్టి రావాలని తెలీదట్రా?”

వాడు నిజంగానే అర్థంకాక నిలబడ్డాడు. “ఏ తలుపు నాన్నా?”

మాస్టారు గుమ్మం వైపు చూశాడు. మిగులు గుడ్డలతో కుట్టిన తెర వేలాడుతోంది. తలుపు లేదు. బొమ్మలూ బల్లలూ అటూ ఇటూ తిప్పడానికి అడ్డమని ఆయనే ఎప్పుడో పీకించేశాడు. ఎప్పుడో గుర్తు చేసుకోవాలని చూశాడు గానీ రాలేదు. మంచం దిగి వెళ్ళి ద్వారబంధాన్ని చేత్తో తడిమాడు. మడతబందులు ఊడదీసిన గుంటలు రంగు కింద ఇంకా వేలికి తగులుతూనే ఉన్నాయి.